కీరవాణి గారి మంచి కాలం ఆస్కార్ దగ్గర లేదు, 1991–98 మధ్య ఉంది

“కీరవాణి గారి కెరీర్‌లో అత్యుత్తమ కాలం ఏది? మా బావ బాహుబలి నుంచి ఆర్ఆర్ఆర్ దాకా అంటున్నాడు, నేను తొంభైలు అంటున్నాను” అని కదా మీ ప్రశ్న. మీరే కరెక్టు. కాకపోతే తొంభైలు అని ఊరికే వదిలేస్తే లాభం లేదు, మొదలెక్కడో ఆఖరెక్కడో చెప్పాలి. 1991లో మొదలు, 1998లో ఆఖరు. ఈ లెక్క మీద నేను ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను. ఈ టాపిక్ వచ్చిందంటే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది, అది వేరే సంగతి.

ఈ మాట అనడానికి నువ్వెవరివి అంటారేమో. తొంభైల్లో నేను భీమవరం పక్కన ఒక ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ (కరెంటు డ్రమ్స్) వాయించేవాణ్ణి. వినాయకచవితి పందిళ్ళు, అమ్మవారి జాతర్లు, పెళ్ళిళ్ళు. సంగీతం గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కాదు, రాగాల పేర్లు అడిగితే తెల్లమొహం వేస్తాను. కానీ పాట విన్నవాడికి తెలిసేది ఒకటి, కొత్త క్యాసెట్ చేతికొచ్చిన నాలుగు రోజుల్లో దాన్ని రెండువేల మంది ముందు వాయించాల్సినవాడికి తెలిసేది ఇంకొకటి. (క్యాసెట్టూ పెన్సిలూ కథ మొదలుపెట్టను, భయపడకండి. ఆ కథ చెప్పనివాడు ఇంటర్నెట్‌లో ఎవడూ మిగల్లేదు.)

మా వాళ్ళకి ఒక పరీక్ష ఉండేది. పల్లవి అయ్యాక వచ్చే మ్యూజిక్ బిట్‌ని ఫస్ట్ బీజీఎం అంటాం, మొదటి చరణం తర్వాత వచ్చేది సెకండ్ బీజీఎం. చాలామంది మ్యూజిక్ డైరెక్టర్ల పాటల్లో ఫస్ట్ బీజీఎం వస్తే చాలు, సెకండ్ దగ్గర దాన్నే అటూ ఇటూ చేసి లాగించేయొచ్చు, జనం పట్టుకోరు. కీరవాణి గారి దగ్గర ఆ పప్పులు ఉడకవు. సెకండ్ బీజీఎం పూర్తిగా వేరే ఊరు, వేరే వాయిద్యం, ఒక్కోసారి నడక కూడా వేరు. మా కీబోర్డు కుర్రాడు “ఈయన మన పొట్ట కొట్టడానికే పుట్టాడ్రా” అని తిట్టుకుంటూ నేర్చుకునేవాడు. క్షణక్షణం (1991) లో ‘జామురాతిరి జాబిలమ్మ’ తీసుకోండి. అడవిలో హీరో హీరోయిన్‌ని జోకొట్టే పాట, సిరివెన్నెల గారు రాశారు, వింటే ఇంత సులువైన పాట లేదనిపిస్తుంది. స్టేజీ ఎక్కితే తెలుస్తుంది. ప్యాడ్స్‌కి అందులో పని చాలా తక్కువ. ఆ తక్కువ ఎక్కడ పడాలో అక్కడే పడాలి, లేకపోతే ముందు వరసలో నిద్రపోతున్న పిల్లాడు లేచి ఏడుస్తాడు. అదే ఏడాది సీతారామయ్యగారి మనవరాలు. ‘పూసింది పూసింది పున్నాగ’ మేం వాయించని పెళ్ళి లేదు ఆ రోజుల్లో.

1992 సంగతి చూడండి. చిరంజీవి గారు రాఘవేంద్రరావు గారితో ఘరానా మొగుడు చేశారు, విశ్వనాథ్ గారితో ఆపద్బాంధవుడు చేశారు. ఒకే ఏడాది, ఒకే హీరో, రెండింటికీ ఒకే మ్యూజిక్ డైరెక్టర్. ఒకదాంట్లో ‘బంగారు కోడిపెట్ట’, ఇంకోదాంట్లో ‘ఔరా అమ్మకచెల్లా’. ఈ రెండూ ఒకే బుర్రలోంచి అదే సంవత్సరం వచ్చాయంటే తెలియనివాడు నమ్మడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒకటి. మీ బావగారిని అడగండి, 2015 తర్వాత ఇలాంటి సంవత్సరం ఒకటి చూపించమని.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది.

1993లో మాతృదేవోభవ వచ్చింది. ‘రాలిపోయే పువ్వా’ కీరవాణి గారే పాడారు, వేటూరి గారికి నేషనల్ అవార్డు తెచ్చిన పాట. ‘వేణువై వచ్చాను’ చిత్ర గారు పాడారు. ఆ సినిమా చూసి ఏడవని ఇల్లాలు గోదావరి జిల్లాల్లో లేదు. సరే, ఆ తర్వాత పెళ్ళిళ్ళ సీజన్లో పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో మా ప్రోగ్రాం. ముహూర్తం తెల్లవారుజామున, రాత్రి భోజనాల టైముకి మేము. జనం చీటీల మీద పాట పేరు రాసి, నోటు జతచేసి పంపించేవాళ్ళు. పది రూపాయలు మామూలు, ఇరవై అంటే పెద్దమనిషి. ఆ రాత్రి యాభై నోటుతో ఒక చీటీ వచ్చింది. మా గాయకుడు, ‘జూనియర్ బాలు’ అనేవాళ్ళం, విప్పి చూసి, చదవకుండా జేబులో పెట్టుకున్నాడు. ఏంట్రా అంటే చూపించాడు. ‘రాలిపోయే పువ్వా’.

పెళ్ళిలో ఆ పాటేంటండీ బాబూ! పందిరికి మామిడాకులు కట్టి, పెళ్ళికూతురికి బుగ్గచుక్క పెట్టి కూర్చోబెడితే, రాలిపోవడం గురించి పాడమంటాడా? మాట్లాడకుండా ఇంకో పాట ఎత్తుకున్నాం. పది నిమిషాల్లో ఇంకో చీటీ, ఇంకో యాభై, అదే దస్తూరి. “ఆ పాటకి అభ్యంతరమైతే వేణువై వచ్చాను పాడండి.” అది ఇంకా ఘోరం! చూస్తే, చివరి వరస కుర్చీలో తెల్లచొక్కా ఆసామి, పెళ్ళికొడుకు మేనమామ అట, మా వైపే చూస్తున్నాడు. మేనమామ అడిగితే కాదంటే మగపెళ్ళివారితో గొడవ. పాడితే ఆడపెళ్ళివారు స్టేజీ పీకేస్తారు. వంద రూపాయలు జేబులో పడ్డాయి, తిరిగిచ్చే ఉద్దేశం మా లీడరుకి లేదు.

ఆయన ఒక ఉపాయం వేశాడు. “మాటలుంటేనే కదా తంటా. ఫ్లూటు మీద ఎత్తుకో, నువ్వు స్పీడు పెంచు” అన్నాడు నాతో. పెంచాను. డప్పుల పాట నడకకి తెచ్చేశాను దాన్ని. రెండో బంతి నడుస్తోంది, ఎవరి గొడవలో వాళ్ళున్నారు, గట్టెక్కామనుకున్నాం. పల్లవి తిరగేసరికి, నెయ్యి గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న పెళ్ళికూతురు తండ్రి తలెత్తి మా వైపు చూశాడు. గిన్నె పక్కవాడి చేతిలో పెట్టి స్టేజీ దగ్గరికి వస్తున్నాడు. లీడరు నాకంటే ముందే మైకు వెనక్కి నక్కాడు.

వచ్చి అన్నమాట ఇది: “ఏవయ్యా, వాయించేదేదో సరిగ్గా వాయించొచ్చుగా? ఆ పరుగేంటి? పాట చచ్చిపోతోంది.”

పెళ్ళిపందిట్లో కూతురి తండ్రి నోటివెంట వచ్చిన మాట! నడక తగ్గించాం. ఫ్లూటు అతను రెండు చరణాలూ పూర్తిగా వాయించాడు, బీజీఎంలతో సహా. ఆ పెద్దాయన అక్కడే నిలబడి విని, మళ్ళీ నెయ్యి గిన్నె తీసుకున్నాడు. మేనమామ ఇంకో యాభై పంపించాడు. పెళ్ళికూతురు తల్లి మాత్రం ఊరుకోలేదు. పొద్దున్న డబ్బులిచ్చేటప్పుడు మాట్లాడుకున్నదాంట్లో నూటయాభై కోయించింది, శకునం ఖాతాలో. అంటే ఆ పాటకి మాకు మిగిలింది సున్నా.

నేను మంచి కాలం అంటున్నది దీన్నే. మాటలు తీసేసినా, నాలాంటివాడు నడక పాడుచేసినా, పెళ్ళికూతురి తండ్రి నెయ్యి గిన్నె వదిలి వచ్చి సరిగ్గా వాయించమని అడిగిన బాణీ. ఒక్క ఫ్లూటు మీద నిలబడిన బాణీ. ఇప్పటి పాటల్లోంచి వందమంది కోరస్సూ, ఆ ధన్ ధన్ డ్రమ్సూ తీసేసి, ఒక్క ఫ్లూటుకి ఇచ్చి చూడండి. ఎన్ని మిగులుతాయో మీరే చెప్పండి.

‘నాటు నాటు’ని తక్కువ చేస్తున్నానని మీద పడకండి. 2023లో గోల్డెన్ గ్లోబ్ వచ్చిననాడూ, ఆస్కార్ వచ్చిననాడూ మా వీధిలో స్వీట్లు పంచింది నేనే. పాట రాసిన చంద్రబోస్ గారి పక్కన నిలబడి కీరవాణి గారు స్టేజీ మీద కార్పెంటర్స్ అనే అమెరికన్ బ్యాండు పాట వరసలో నాలుగు ముక్కలు పాడుతుంటే నాకూ గొంతు పట్టేసింది. కానీ పెళ్ళికి వచ్చిన కానుకల ఖరీదు చూసి పెళ్ళికూతురి అందం చెప్పరు కదా. 2016 చివర్లో రిటైరైపోతానని ఆయనే ముందుగా ప్రకటించారు, గుర్తుందా? మనసు మార్చుకున్నారు, మంచిదైంది. ఒకవేళ అన్నంత పనీ చేసుంటే? ఆస్కార్ ఉండేది కాదు. ఆయన గొప్పతనంలో మాత్రం వీసమెత్తు తగ్గేది కాదు. ఎందుకంటే అది 1998కే పూర్తయిపోయింది.

ఇంకో రుజువు. 2009లో మగధీర. కొడుకు రామ్ చరణ్ సినిమాలో తండ్రి చిరంజీవి గారు కాసేపు కనిపించాలి, హాలు ఊగిపోవాలి. దానికి కీరవాణి గారు ఏం చేశారు? కొత్త పాట కట్టారా? 1992 నాటి ‘బంగారు కోడిపెట్ట’ని బీరువాలోంచి తీసి, కొత్త బట్టలు తొడిగారు. పదిహేడేళ్ళ తర్వాత తనే తన దగ్గర అప్పు తీసుకున్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి మీ బావగారికి?

ఆ ఏడెనిమిదేళ్ళలో ఆయన ఒక్క మనిషి కాదు, ముగ్గురు. తెలుగులో కీరవాణి, తమిళంలో మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. బాలచందర్ గారి అళగన్ (1991) పాటలు మద్రాసు నుంచి వచ్చిన మా బంధువుల దగ్గర విని, ఇది మనాయనే అంటే వాళ్ళు ఒప్పుకోలేదు. హిందీవాళ్ళైతే మరీ. మహేష్ భట్ క్రిమినల్, జఖ్మ్ పాటలు ఏళ్ళ తరబడి పాడుకున్నవాళ్ళు, ఆస్కార్ వచ్చాక “అరె, ఆ క్రీమ్ ఈయనేనా” అని ఆశ్చర్యపోయారు. మూడు పేర్లతో మూడు చోట్ల బతికిన మనిషికి ఏ పేరు మీదా పూర్తి మార్కులు పడలేదు. తెలుగులోనే చూడండి, మనం కూడా ఇళయరాజా, రెహమాన్ పేర్లు చెప్పాకే ఈయన పేరు ఎత్తేవాళ్ళం. ఇంటి మనిషంటే అంత అలుసు.

అలుసు అంటే గుర్తొచ్చింది. ఈ పాటల యాప్‌లు. ఒకదాంట్లో ‘రాలిపోయే పువ్వా’ వెతికితే పాడినాయన పేరు ఉంది, లేబుల్ పేరు ఉంది, వేటూరి గారి పేరు లేదు. నేషనల్ అవార్డు వచ్చింది ఆయనకయ్యా బాబూ! ఇంకోదాంట్లో సీతారామయ్యగారి మనవరాలి పాట కింద సినిమా విడుదల 2014 అని వేశారు, ఎవరో అప్‌లోడ్ చేసిన సంవత్సరం. రేపు మన మనవలు ఇలాంటి ప్రశ్నలకి ఈ యాప్‌లు చూసి జవాబులు రాస్తారు. అప్పుడు మీ బావగారే గెలుస్తారు, ఎందుకంటే లెక్క ప్రకారం కీరవాణి గారి పాటలన్నీ 2012 తర్వాతే పుట్టాయి.

టీవీ పాటల పోటీల గురించి మొదలుపెడితే తెల్లారుతుంది. ఒక్క ముక్క మాత్రం. పిల్లలు ఆయన పాట పాడగానే జడ్జీలు కళ్ళు తుడుచుకోవడం మానేసి, వెనకాల వయొలిన్ వాయించినతని వైపు ఒకసారి కెమెరా తిప్పితే బాగుండు.

బాహుబలి, ఈగ నేపథ్య సంగీతం మాటేంటి అంటారు. అది వేరే ఖాతా. సీన్ వెనకాల వాయించడంలో ఆయన తర్వాత్తర్వాతే ఎదిగారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆర్ఆర్ఆర్‌కి నేపథ్య సంగీతానికి నేషనల్ అవార్డు ఊరికే ఇవ్వలేదు. కానీ మీరు అడిగిందీ నేను చెప్తున్నదీ పాటల గురించి. పాటలకి నేషనల్ అవార్డు ఎప్పుడొచ్చింది? 1997, అన్నమయ్య. అయిదొందల ఏళ్ళ నాటి కీర్తనలు, అవి విని పెరిగిన ముసలమ్మలు ఊరూరా ఉన్నారు, ఒక్కటి తేడా కొడితే శాపనార్థాలు పెడతారు. సంవత్సరం ముందు అదే రాఘవేంద్రరావు గారికి పెళ్ళిసందడిలో ‘మా పెరటి జాంచెట్టు’ కట్టిన చెయ్యే ఇది కట్టింది. మా లీడరు తల్లిగారు సినిమా పాటంటే చెవులు మూసుకునే మనిషి, అన్నమయ్య క్యాసెట్ తులసికోట దగ్గర పెట్టుకుని వినేది.

1998 దగ్గరే ఎందుకు గీత గీశావు, 2001లో స్టూడెంట్ నెం.1 లేదా, 2003లో సింహాద్రి లేదా, హిందీలో జిస్మ్ లేదా అని కింద కామెంట్లలో కొట్లాటకి వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు. రండి. మంచి పాటలే, కాదనను. కానీ అప్పటికి మా ఆర్కెస్ట్రా లేదు. పెళ్ళిళ్ళకి సీడీలు పెట్టుకోవడం మొదలైంది, కీబోర్డు తణుకులో ఎవరికో అమ్మేశాం, నా ప్యాడ్స్ ఒక చర్చికి పోయాయి. ఆ పాటల సెకండ్ బీజీఎం వేరుగా ఉంటుందో, ఫస్ట్ దాన్నే తిప్పి వేశారో నేను వాయించి చూడలేదు. వాయించి చూడని పాటకి నేను మార్కులు వేయను.