తొమ్మిదో ఆవు కొనాలా, శిక్షణకు వెళ్లాలా?

ఒక పాఠకుడి ప్రశ్న ఇది. ఎనిమిది ఆవులున్నాయి, అందులో మూడు ఎంతకీ చూడి కట్టడం లేదు. పశువుల పునరుత్పత్తి మీద నాలుగు రోజుల శిక్షణ ఉందని తెలిసింది, ఫీజు, ప్రయాణం, బస కలిపితే దాచుకున్న డబ్బులో బాగానే ఖర్చవుతుంది, దానికి బదులు ఇంకొంత అప్పు తెచ్చి తొమ్మిదో ఆవు కొంటే పోదా అని అడుగుతున్నారు. పాలు పితికేది, మేత వేసేది తన భార్యేనని, లెక్కలు మాత్రం తాను చూస్తానని కూడా రాశారు.

ఆవును మాత్రం ఇప్పుడు కొనకండి. ఉన్నవాటిలోనే మూడు వట్టిగా నిలబడి మేస్తున్నాయి, కారణం తెలియకుండా ఇంకోదాన్ని తెచ్చి అదే కొట్టంలో కడితే అదీ ఆ మూడింటి పక్కన చేరే అవకాశం ఎక్కువ, పైగా అప్పు వాయిదా మాత్రం నెలనెలా తప్పదు.

ఇక శిక్షణ సంగతి. ఫీజును డబ్బుగా కాకుండా రోజులుగా చూడండి. ఆవు సుమారు 21 రోజులకోసారి ఎదకు, అంటే చూడి కట్టే అదనుకు, వస్తుంది, ఆ ఎద 12 నుంచి 18 గంటలే ఉంటుంది, చాలాసార్లు రాత్రిపూట మొదలై మనం లేచేసరికి సగం అయిపోతుంది. అది మన కంట పడకపోతే ఇంకో 21 రోజులు ఆగాల్సిందే. ఎనిమిది ఆవుల్లో ఏడాదికి ఒక్కో ఎద తప్పిపోయినా 168 రోజులు! ఆ రోజుల్లో మేత ఖర్చు ఎంత, ఈనాక ఇచ్చే పాలకీ ఇప్పుడు ఇచ్చే పాలకీ తేడా ఎంత, మీ పుస్తకంలోనే ఉంటుంది, లెక్క వేయండి. శిక్షణ వల్ల అందులో సగమే మిగులుతుందనుకోండి, 84 రోజులు, దాంతో ఫీజు వస్తుందా రాదా అన్నదే అసలు ప్రశ్న. అయితే ఆవు 280 రోజులకు గానీ ఈనదు కాబట్టి ఈ డబ్బు తిరిగి రావడానికి ఏడాది పట్టొచ్చు, అందుకే అప్పు చేసి వెళ్లొద్దు, ఇంటి అత్యవసరాలకు పెట్టుకున్న డబ్బు అసలే ముట్టుకోవద్దు.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. వెళ్లాల్సింది మీరు కాదు, మీ ఆవిడ. తెల్లారుజామున కొట్టంలోకి వెళ్లేది ఆవిడే. మరో ఆవు మీదికెక్కితే కదలకుండా నిలబడిందా, తోక కింద గాజులాంటి జిగురు తీగలా వేలాడుతోందా, నిన్నటికంటే పాలు తగ్గాయా, ఇవి కనిపించేది ఆవిడకే. పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున వీర్యం వేయించాలన్న ఒక్క సూత్రం ఆవిడ చేతిలో ఉంటే చాలు, చాలా మారుతుంది. ఆ నాలుగు రోజులు పాలు మీరు పితకండి.

డబ్బు కట్టేముందు శిక్షణలో ఆవుల దగ్గర నిలబెట్టి చూపిస్తారా, హాలులో కూర్చోబెట్టి బొమ్మలేనా అడగండి. బొమ్మలే అయితే వద్దు.

అక్కడినుంచి వచ్చిన ఉత్సాహంలో వీర్యం దాచే డబ్బా, పనిముట్లు కొనే టెంప్టేషన్ వస్తుంది, నేను గట్టిగా వద్దంటాను. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచాలి, వాడినా వాడకపోయినా నత్రజని ఆవిరవుతూనే ఉంటుంది, నింపుతూనే ఉండాలి. ఎనిమిది ఆవులకి ఏడాదిలో వేసేది కొద్దిసార్లే, అంత తక్కువ పనికి చెయ్యి కుదరదు, వేసేవాళ్లను పిలిపించుకోవడమే చవక.

ఈలోగా ఆ మూడింటినీ పశువైద్యుడికి చూపించండి. గర్భసంచిలో జబ్బో, ఒంట్లో బలం లేకపోవడమో ఉంటే శిక్షణతో అది తీరదు.

ఈ రాత్రే మీరిద్దరూ కూర్చుని ఎనిమిదింటికీ ఈనిన తేదీ, చూడి కట్టిన తేదీ రాయండి. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లోపు చూడి కట్టాలి. మిగతా ఐదూ ఆ దరిదాపుల్లోనే ఉంటే మీ ఆవిడ కన్ను బాగానే పనిచేస్తున్నట్టు, అప్పుడు ఫీజు డబ్బు ఆ మూడింటి వైద్యానికి పెట్టండి. అవీ 150 రోజులు దాటి ఉంటే మాత్రం శిక్షణకు ఆవిడ పేరు రాయించండి.