ఆట మధ్యలో రోగి పేరు మారిపోవడం: సమాధానం

పదో తరగతి పిల్లలు ఒక్కో ఉద్యోగాన్ని ఆడి చూసేలా ఏఐ మోడల్‌తో మీరు చేసిన ఆట గురించి అడిగారు. ఆట స్థితి (రోగి పేరు, మార్కులు లాంటివి) అంతా చాట్ హిస్టరీలోనే, అంటే పాత మెసేజ్‌ల్లోనే ఉండటమే కారణం. నర్సు పాత్రలో పదిహేను మాటలు దాటాక రోగి పేరు మారుతోందని, పోయిన మార్కులు తిరిగొస్తున్నాయని అన్నారు కదా. మోడల్‌కు పంపేటప్పుడు పాత మెసేజ్‌లు కత్తిరించగానే ఆ వివరాలూ పోతున్నాయి.

1. రోగి పేరు, బీపీ, సమయం, మార్కులు జేసన్‌గా (పేరు, విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) మీ సర్వర్‌లో ఉంచండి.
2. మోడల్‌కు పంపే ప్రతి రిక్వెస్ట్‌లో దాన్ని సిస్టమ్ ప్రాంప్ట్‌కు (మోడల్‌కు ముందుగా ఇచ్చే సూచనలకు) కలపండి.
3. చాలామంది వదిలేసేది ఇదే: మార్కులు మోడల్‌తో వేయించకండి. "చేతులు కడుక్కుంది", "డోసు సరిచూడలేదు" అని విద్యార్థి చేసిన పని మాత్రమే అది చెప్పాలి. కూడిక, తీసివేత మీ కోడ్ చేయాలి. మోడల్ మెచ్చుకోవడానికే మొగ్గుతుంది. అలా వదిలేస్తే పదో తరగతి పిల్లలకు ప్రతి ఉద్యోగమూ తేలికనిపిస్తుంది, అది వాళ్లకు అన్యాయం.
4. చివరి ఆరు మెసేజ్‌లు యథాతథంగా, మిగతావి నాలుగు వాక్యాల్లో కుదించి పంపండి.