20 వేలలోపు ట్యాబ్: షాపుకి వెళ్లేటప్పుడు మీ పీడీఎఫ్ పట్టుకెళ్లండి

ప్రశ్న: మాది సోంపేట. డీఎస్సీకి చదువుతున్నాను. సాయంత్రం ట్యూషన్లు చెబుతాను, దగ్గర్లో ఒక స్కూలుకి మార్కుల లిస్టులు, ప్రశ్నపత్రాలు టైప్ చేసిస్తాను. రాత్రిపూట అమ్మ సీరియల్స్ చూస్తుంది. 20 వేలలోపు ఏ ట్యాబ్ మంచిది? చిన్నదా, పెద్దదా? సిమ్ ఉన్నదా, లేనిదా?

జవాబు:

మాది విజయనగరం. నేనూ ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతాను. మా ఆవిడ డీఎస్సీ చదువు చాలావరకు మా ఇంట్లో ట్యాబ్ మీదే నడిచింది. మీ పరిస్థితి మా ఇంటిలాగే ఉంది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అన్నది తర్వాత చూద్దాం. రోజులో మీ కళ్లు ఎక్కువసేపు ఉండేది తెలుగు మెటీరియల్ పేజీ మీద. ఆ పేజీ జూమ్ చెయ్యకుండా చదవగలిగితే ఆ ట్యాబ్ మీకు పనికొస్తుంది. లేదంటే ఎంత పేరున్న కంపెనీదైనా మళ్లీ జిరాక్స్ షాపు మెట్లెక్కాల్సిందే. సీరియల్ అంటారా, అది ఎందులోనైనా చూసేస్తాం.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చిన శామ్‌సంగ్ ట్యాబ్‌లు మీరు చూసే ఉంటారు. వాటి స్క్రీన్ మూల నుంచి మూలకి కొలిస్తే 8.7 అంగుళాలు. వీడియో పాఠాలకి ఆ సైజు బాగానే ఉంటుంది. మన మెటీరియల్ మాత్రం ఏ4 పేజీలో ఉంటుంది, ఆ పేజీ వెడల్పు సుమారు 8.3 అంగుళాలు. ఆ చిన్న ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు నాలుగున్నర అంగుళాలకి మించదు. అంటే పేజీ దాదాపు సగానికి కుంచించుకుపోతుంది, 12 పాయింట్ల అక్షరం ఆరున్నర పాయింట్లంత కనిపిస్తుంది. ఇంగ్లీషు అయితే కళ్లు చికిలించి ఎలాగోలా చదివేస్తాం. తెలుగు అలా కాదు. 'రాష్ట్రం' అన్న మాటలో ట వత్తు, ర వత్తు రెండూ కలిసిపోయి కింద ఒక నల్లటి మరక మిగులుతుంది. పైగా మన దగ్గర తిరిగే మెటీరియల్లో సగం ఎవరో ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసినవే. జూమ్ చేస్తే లైను చివర స్క్రీన్ దాటిపోతుంది, ప్రతి లైనుకీ వేలితో పక్కకి జరపాలి. సైకాలజీ పుస్తకం అలా ఎంతసేపు చదువుతారు చెప్పండి?

అందుకే 11 అంగుళాలకి తగ్గొద్దు. ఈ సైజులో మామూలుగా దొరికే పొడవాటి స్క్రీన్‌లో పేజీ 70 శాతం సైజులో కనిపిస్తుంది, అది చాలు. శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ, లెనోవో ట్యాబ్ ఎమ్11 అన్నీ ఈ బాపతే. షాపువాళ్లు చెప్పని సంగతి ఇంకోటుంది. వన్‌ప్లస్ ప్యాడ్ గో స్క్రీన్ 11.35 అంగుళాలు, కానీ పొడవు వెడల్పుల నిష్పత్తి 7:5. ఏ4 కాగితం నిష్పత్తీ దాదాపు అంతే. దాంతో పేజీ అంచు నుంచి అంచు దాకా నిండుతుంది, 80 శాతం సైజులో కనిపిస్తుంది. వీడియో పెడితే పైనా కిందా నల్ల పట్టీలు కాస్త ఎక్కువ వస్తాయి గానీ, బొమ్మ సైజు మిగతా 11 అంగుళాల ట్యాబ్‌లకి ఇంచుమించు సమానమే. చదువే ముఖ్యం అనుకునేవాళ్లకి నా ఓటు ఇలాంటి ఆకారానికే. మోడళ్లు మారిపోతూ ఉంటాయి, మీరు వెళ్లేసరికి వీటి తర్వాతవి ఉండొచ్చు. పేరు కన్నా నిష్పత్తి గుర్తుపెట్టుకోండి.

ఇక టైపింగ్ పని. ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది మైక్రోసాఫ్ట్‌ది. 10.1 అంగుళాలు దాటిన స్క్రీన్ మీద వర్డ్, ఎక్సెల్ యాప్‌లలో ఫైలు చూడటం ఉచితమే, మార్పులు చెయ్యాలంటే డబ్బు కట్టాలి. పెద్ద ట్యాబ్ కొన్నాక ఇది తెలిసి చాలామంది నీరుగారిపోతారు. మార్కుల లిస్టులకి గూగుల్ షీట్స్ వాడుకోండి, ఎక్సెల్ ఫైలు కూడా అందులో తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు.

రెండోది తెలుగు ఫాంట్ గొడవ. స్కూలువాళ్లు ప్రశ్నపత్రం డీటీపీ సెంటర్లలో వాడే అనూ ఫాంట్‌లోనో, పేజ్‌మేకర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లోనో అడుగుతుంటే ట్యాబ్ వల్ల కాదు. డీటీపీ సెంటర్లో అనూలో చేసిన వర్డ్ ఫైలు ట్యాబ్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్‌లో, వాట్సాప్‌లో మనం రాసుకునే తెలుగు, చాలంటే మాత్రం హాయి. గూగుల్ వాళ్ల కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని నోటితో చెబుతూ పోతే అదే టైప్ చేస్తుంది. 'ఏటి, ఎందుకొచ్చినావు' లాంటి మన యాస పక్కనపెట్టి, పుస్తకం చదివినట్టు చెప్పాలి, అంతే. తప్పులు దిద్దుకోవడానికి ఒక బ్లూటూత్ కీబోర్డు ఉంటే మంచిది. ట్యాలీ లాంటి కంప్యూటర్ పని నేర్చుకునే ఆలోచన కూడా ఉంటే, ఈ డబ్బుకి పాత ల్యాప్‌టాప్ చూసుకోవడమే మేలు.

కీబోర్డుతో పాటు మౌస్ కూడా కొనండి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి మౌస్ కలిపితే కంప్యూటర్‌లో లాగే బాణం గుర్తు వస్తుంది. 2025 మెగా డీఎస్సీ పరీక్షలు కంప్యూటర్ మీదే పెట్టారు కదా. ఇంట్లో మాక్ టెస్టులన్నీ వేలితో రాసి, పరీక్ష హాల్లో మౌస్ పట్టుకుంటే చెయ్యి తడబడుతుంది. మా ఆవిడ చివర్లో అన్నీ మౌస్‌తోనే రాసింది, ఆ ఒక్క టెన్షన్ తగ్గిందని ఇప్పటికీ అంటుంది.

సిమ్ సంగతి: మీకు వైఫై మోడల్ చాలు. ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇచ్చుకోవచ్చు, మిగిలిన డబ్బు స్టోరేజీ మీద పెట్టండి. ఒక్కటి గుర్తుంచుకోండి, సిమ్ లేని ట్యాబ్‌లో ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి పనిచెయ్యవు, ఆ యాప్‌లకి బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అందులోనే ఉండాలి. ట్యూషన్ ఫీజులు ఎలాగూ ఫోన్‌కే వస్తాయి కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

స్టోరేజీ 128 జీబీ తీసుకోండి. 64 జీబీ అని రాసినదాంట్లో సిస్టమ్‌కే చాలా పోతుంది, మిగిలినదాన్ని స్కాన్ పీడీఎఫ్‌లు, క్లాసుల వీడియోలు ఇట్టే నింపేస్తాయి. మెమరీ కార్డు స్లాట్ ఉంటే ఇంకా మంచిది. ర్యామ్ 6 జీబీ అయితే నిశ్చింత, 4 అయితే సర్దుకోవాలి. '4+4' అని రాస్తే 8 అనుకోకండి. ఆ రెండో నాలుగూ స్టోరేజీ నుంచి అప్పు తెచ్చుకున్నదే, అసలు ర్యామ్ అంత వేగంగా ఉండదు. ఇక ఆన్‌లైన్లో పేరు వినని కంపెనీలు అయిదారు వేలకే 12 కోర్లు, 256 జీబీ అని పెడుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. కెమెరా గురించి అసలు ఆలోచించకండి, జూమ్ క్లాసులో మొహం కనబడితే చాలు.

అమ్మగారి సీరియల్స్‌కి ఒకే ఒక్క పరీక్ష ఉంది. దాని పేరు వైడ్‌వైన్, సినిమాలు, సీరియల్స్ కాపీ కొట్టకుండా ట్యాబ్‌లో పెట్టే తాళం లాంటిది. అది ఎల్1 స్థాయిలో ఉంటే ఓటీటీ యాప్‌లు హెచ్‌డీలో బొమ్మ ఇస్తాయి. చవక ట్యాబ్‌లు కొన్నింట్లో ఎల్3 మాత్రమే ఉంటుంది, అప్పుడు స్క్రీన్ ఎంత మంచిదైనా నెట్‌ఫ్లిక్స్ లాంటివి 480పీ దగ్గరే ఆగిపోతాయి, మొహాలు మసగ్గా కనిపిస్తాయి. డీఆర్‌ఎమ్ ఇన్ఫో అనే చిన్న ఉచిత యాప్ వేసి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. నాలుగు స్పీకర్లున్నది తీసుకుంటే అమ్మగారు పొయ్యి దగ్గర పని చేసుకుంటూ కూడా డైలాగులు వింటారు.

ఉద్దానంలో ఉన్నారు కాబట్టి కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏ9 ప్లస్‌లో బ్యాటరీ 7040 ఎంఏహెచ్, ప్యాడ్ ఎస్ఈలో 8000. చదువుకే వాడితే రోజు సులువుగా గడుస్తుంది. కానీ ఇవి చార్జ్ అవ్వడం చాలా నెమ్మది, రాత్రి పెట్టి పొద్దున తియ్యాల్సిందే. వాన కబురు వినగానే చార్జ్ చేసి, కావలసిన క్లాసులు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. నెట్ పోయినా చదువు ఆగదు.

కొనడానికి శ్రీకాకుళం వెళ్లినా, మీకు దారి కలిసొస్తుంది కాబట్టి బరంపురం వెళ్లినా తేడా లేదు, బిల్లు ఉంటే వారంటీ ఎక్కడైనా చెల్లుతుంది. వెళ్లేటప్పుడు మీ మెటీరియల్లో అన్నిటికన్నా మసగ్గా ఉన్న పీడీఎఫ్‌ని పెన్‌డ్రైవ్‌లో, దానికి టైప్-సీ పిన్ను ఉండేలా చూసుకుని, పట్టుకెళ్లండి. డెమో పీస్ మీద జలపాతాలు, రంగురంగుల చేపలు తిరుగుతుంటాయి, వాటిని చూసి ఏ ట్యాబ్ ఎలాంటిదో తేల్చలేం. ఆ వీడియో ఆపించి మీ పేజీ తెరవండి. నిలువుగా పట్టుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకునేంత దూరంలో ఒక పేరా పూర్తిగా చదవండి. తర్వాత పది పేజీలు గబగబా తిప్పండి. ప్రతి పేజీకీ తెల్లగా ఆగి ఆగి వస్తుంటే ఆ ప్రాసెసర్ మీ స్కాన్ కాపీలని మొయ్యలేదని అర్థం. షాపతను విసుక్కుంటాడు, పర్లేదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే, 7:5 స్క్రీన్ ఉన్నది 128 జీబీలో మీ బడ్జెట్‌కి దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే ఏ9 ప్లస్. మరీ తగ్గించుకోవాలంటే ప్యాడ్ ఎస్ఈ, మిగిలినదాంట్లో కీబోర్డు, మౌస్, కవర్ వచ్చేస్తాయి. శామ్‌సంగ్ డబ్బాలో చార్జర్ ఉండదు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇంతకీ స్కూలువాళ్లు ప్రశ్నపత్రాలు ఏ ఫాంట్‌లో అడుగుతున్నారో మీరు రాయలేదు. అది కనుక్కుని కింద చెప్పండి. అనూయే కావాలంటే మాత్రం ట్యాబ్ కొనడం కాస్త ఆపండి.