హోమ్ థియేటర్‌లో బొమ్మ బాగా రావాలంటే ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాలా?

అక్కర్లేదండి. షాపులో బంగారు పూత పూసిన పిన్ను చూపించి ఎనిమిది వేలంటే, ఒక దణ్ణం పెట్టి బయటికొచ్చేయండి. బొమ్మనీ శబ్దాన్నీ టీవీకో ప్రొజెక్టర్‌కో తీసుకెళ్లే ఆ కేబుల్‌లో వెళ్లేది ఒకట్లు, సున్నాలు. అవి అవతలికి సరిగ్గా చేరితే ఐదొందల కేబుల్‌లోనూ అదే బొమ్మ, ఎనిమిది వేల కేబుల్‌లోనూ అదే బొమ్మ. చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది. రంగులు కాస్త నిండుగా రావడం లాంటివేవీ కేబుల్ వల్ల జరగవు.

నన్నడిగితే, ముందు గోడలో ఏ పైపు వేయించారో చూసుకోండి.

మా ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ "ప్రొజెక్టర్‌కి ముప్పావు ఇంచి పైపు చాలు సార్, వైరే కదా" అన్నాడు. నేనూ తలూపాను. తీరా చూస్తే హెచ్‌డీఎంఐ పిన్ను ప్లాస్టిక్ తొడుగుతో కలిపి రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మొదటి బెండు దాకా కూడా పోలేదు. రంగు ఆరీ ఆరకముందే గోడకి మళ్లీ గాడి కొట్టించి, కేబుల్‌ని అలాగే పెట్టి ప్లాస్టర్ చేయించాం. పన్నెండు మీటర్ల దూరం కాబట్టి ఫైబర్ కేబుల్ తెప్పించాను. 4కే బొమ్మ సెకనుకి 60 ఫ్రేములతో పూర్తి రంగుల్లో రావాలంటే సెకనుకి 18 గిగాబిట్లు పట్టే దారి కావాలి. మామూలు రాగి కేబుల్‌ని ఐదు మీటర్లు దాటాక నమ్మలేం.

2023 నవంబరు 19, ఆదివారం. వరల్డ్ కప్ ఫైనల్. కొత్త తెర మీద చూద్దామని చుట్టాలందర్నీ పిలిచాను. రెండు గంటలకి మ్యాచ్ మొదలైంది, తెర మీద మాత్రం "నో సిగ్నల్". మా బావ ప్రొజెక్టర్ పాడైందన్నాడు. ఇంకొకాయన స్టెబిలైజర్ పెట్టలేదా అన్నాడు. ఏం చేసినా ఈ స్టెబిలైజర్ మాట ఒకరైనా అంటారు! కోహ్లీ ఔటయ్యాక, ఎనిమిదో క్లాసు చదివే మా అన్నయ్య కూతురు స్టూలెక్కి, ఫోన్ టార్చి వేసి, ప్రొజెక్టర్ దగ్గరున్న పిన్ను మీది సన్నటి అక్షరాలు చదివింది. "బాబాయ్, దీని మీద సోర్స్ అని ఉంది."

ఫైబర్ కేబుల్‌లో బొమ్మ ఒకవైపే వెళ్తుంది. ఒక చివర కరెంటు సిగ్నల్‌ని వెలుతురుగా మారుస్తుంది, రెండో చివర దాన్ని మళ్లీ సిగ్నల్ చేస్తుంది. సోర్స్ అని రాసింది బొమ్మ పంపే రిసీవర్ దగ్గర, డిస్‌ప్లే అని రాసింది ప్రొజెక్టర్ దగ్గర ఉండాలి. మావాళ్లు తిరగేసి పూడ్చారు. ప్లాస్టర్‌కి ముందు ఒకసారి పెట్టి చూడాలన్న ఇంగితం ఎవరికీ లేకపోయింది, నాతో సహా. మిగతా మ్యాచ్ పడగ్గదిలోని పాత 32 అంగుళాల టీవీలో పదిహేను మందిమి చూశాం. ట్రావిస్ హెడ్ బాదుడు చూశాక, అది 120 అంగుళాల్లో కనపడకపోవడమే మేలైంది అనుకున్నాం.

మరో సంగతి. టీవీ డబ్బా మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉందని మురిసిపోకండి. పాత వెర్షన్ 2.0 స్థాయి సామర్థ్యమే ఉన్నదాన్ని కూడా ఆ పేరుతో అమ్ముకోవచ్చు. అసలీ నంబర్లు పెట్టినవాళ్లెవరో గానీ కొనేవాడి మీద కక్షతోనే పెట్టినట్టుంది. కేబుల్‌కైతే "అల్ట్రా హై స్పీడ్" స్టిక్కర్ చూసి స్కాన్ చేసుకోండి. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టుకి పూర్తి సామర్థ్యం ఇచ్చే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఆపేసి ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. సౌండ్‌బార్ ఉంటే ఏఆర్‌సీ అని రాసిన పోర్టులోనే పెట్టండి, టీవీ శబ్దం దానికి వెళ్లేది అందులోంచే.

మేం మూడోసారి గోడ కొట్టి ఇంచిన్నర పైపు వేయించాం, లోపల ఒక నైలాన్ తాడు కూడా వదిలాం. ఇంతా చేస్తే, ఇప్పుడు ఆ తెర మీద ఎక్కువగా నడిచేవి మా నాన్నగారి పాత పాటలే. అదీ ఎస్‌డీ ఛానల్లో. "బొమ్మ అంత పెద్దగా ఉందేంట్రా, మసక మసగ్గా" అంటారు రోజూ.