జవాబు రాబట్టడం కాదు, జవాబు తేలుతుందా అన్నది చూడాలి

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబీఏ కోసం ఐసెట్ రాయబోతున్నాను. లెక్కలు బాగానే వస్తాయి. కానీ డేటా సఫిషియెన్సీలో 20కి 8, 9 మార్కులు దాటడం లేదు, టైమూ చాలడం లేదు. తర్వాత ఎంబీఏ ప్రవేశానికే ఉన్న మరో పరీక్ష జీమ్యాట్ కూడా రాయాలని ఉంది. ఎలా ప్రిపేర్ అవ్వాలి?

జవాబు: లెక్కలు వచ్చినవాళ్లే ఈ విభాగంలో ఎక్కువగా ఇరుక్కుంటారు. ప్రశ్న చూడగానే జవాబు కట్టేయాలని చెయ్యి ఉరుకుతుంది. ఇక్కడ ప్రశ్నతో పాటు రెండు స్టేట్‌మెంట్లు, అంటే రెండు సమాచారపు ముక్కలు, ఇస్తారు. మీరు తేల్చాల్సింది ఒక్కటే: ఇచ్చిన సమాచారంతో ఒకే ఒక్క జవాబు వస్తుందా, రాదా? ఏడాదికోసారి లెక్కగట్టే చక్రవడ్డీలో అసలు, రేటు, కాలం మూడూ తెలిశాయంటే ఇక వడ్డీ ఎంతో కట్టనక్కర్లేదు. అక్కడే ఆగి ఆప్షన్ పెట్టేయండి. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. డేటా సఫిషియెన్సీ 20 ప్రశ్నలకు మీ వాటా 15 నిమిషాలే. ప్రతిదీ చివరిదాకా చేస్తే టైము చాలదు మరి.

ముందుగా ప్రశ్న మాత్రమే చదివి, ఏం తెలిస్తే ఇది తేలుతుందో రఫ్ పేపర్ మీద ఒక ముక్క రాసుకోండి. తర్వాత మొదటి స్టేట్‌మెంట్‌ను విడిగా పరీక్షించండి. రెండోదానికి వచ్చేటప్పుడు మొదటిది పూర్తిగా మరిచిపోవాలి. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే: మొదటిదాంట్లో చదివిన విషయం తెలియకుండానే రెండోదాంట్లోకి వచ్చేస్తుంది. రెండూ విడివిడిగా చాలనప్పుడే కలిపి చూడాలి.

ఐసెట్ ఆప్షన్లు ఇలా ఉంటాయి: మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలితే 1, రెండోది ఒక్కటే చాలితే 2, రెండూ కలిస్తేనే తేలితే 3, కలిపినా తేలకపోతే 4. విడివిడిగా రెండూ చాలతాయనే ఆప్షన్ ఇందులో లేదు. కాబట్టి మీకు అలా అనిపిస్తే ఎక్కడో ఏదో వదిలేశారేమోనని ఒకసారి వెనక్కి చూడండి.

ఇక బాగా మోసం చేసే రకం చూద్దాం. ఒకతను 12 రూపాయల నోట్‌బుక్కులు, 7 రూపాయల పెన్నులు కొన్నాడు, రెండిట్లోనూ కనీసం ఒక్కటైనా ఉంది. నోట్‌బుక్కులు ఎన్ని? మొదటి స్టేట్‌మెంట్: మొత్తం ఖర్చు 100 రూపాయలు. రెండోది: మొత్తం వస్తువులు 10. తెలియనివి రెండు, సమీకరణాలు రెండు అనుకుని చాలామంది ఆప్షన్ 3 పెట్టేస్తారు. కానీ నోట్‌బుక్కులు, పెన్నులు సగాలూ పావులూ రావు కదా. 100లోంచి 12, 24, 36 అలా తీసేస్తూ పోతే మిగిలేవి 88, 76, 64, 52, 40, 28, 16, 4. వీటిలో 7తో నిశ్శేషంగా భాగించబడేది 28 ఒక్కటే. అంటే నోట్‌బుక్కులు 6, పెన్నులు 4. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలింది, జవాబు ఆప్షన్ 1. మనుషులు, వస్తువులు, నాణేలు కనిపిస్తే పూర్ణాంకాలనే షరతు దాగి ఉందని గుర్తుపెట్టుకోండి. కలిపితే మరీ సులువుగా తేలిపోతోందంటే, ఒక్కదానితోనే తేలుతుందేమో ఇంకో పది సెకన్లు చూడండి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. రెండు సమీకరణాలు ఇచ్చినా, రెండోది మొదటిదాన్ని రెట్టింపు చేసినదే అయితే కొత్తగా తెలిసింది సున్నా, ఆప్షన్ 4. అదే, రెండు సంఖ్యల మొత్తం ఎంతని అడిగి, వాటి మూడేసి రెట్లు కలిపితే 21 అని చెబితే, విడి విలువలు తెలియకపోయినా మొత్తం 7 అని తేలిపోయింది.

అవును, కాదు అని అడిగే ప్రశ్నల్లో ‘కాదు’ అని గట్టిగా తేలినా సమాచారం చాలినట్టే. ఒక పూర్ణ సంఖ్య 6తో భాగించబడుతుందా అని అడిగి, అది బేసి సంఖ్య అని చెప్పారనుకోండి. కచ్చితంగా భాగించబడదు. అంటే ఆ స్టేట్‌మెంట్ చాలుతుంది. జవాబు ‘కాదు’ వచ్చింది కాబట్టి స్టేట్‌మెంట్ పనికిరాదనుకోవడం పొరపాటు.

సంఖ్యల ప్రశ్నల్లో సున్నా, రుణ సంఖ్య, భిన్నం మూడింటినీ పెట్టి చూడాలి. వర్గం 16 అంటే 4 కావచ్చు, మైనస్ 4 కావచ్చు. ఘనం 64 అంటే 4 ఒక్కటే.

మొదటి పది రోజులు గడియారం పక్కన పెట్టి రోజుకు 15 ప్రశ్నలు చేయండి. తప్పు పోయిన ప్రతిదానికీ కారణం రాయండి: మొదటిది రెండోదాంట్లో కలిపానా, పూర్ణాంకం షరతు మరిచానా, సున్నా వదిలేశానా. నాలుగైదు రోజుల్లోనే మీ చెయ్యి ఎక్కడ తడబడుతోందో బయటపడుతుంది. ఆ తర్వాతే 15 నిమిషాలకు 20 ప్రశ్నలు పెట్టుకోండి. ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీ వదలొద్దు.

జీమ్యాట్‌లో ఇప్పుడు డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు డేటా ఇన్‌సైట్స్ విభాగంలో, మిగతా రకాల ప్రశ్నలతో కలిసి వస్తాయి. 45 నిమిషాలకు 20 ప్రశ్నలు. ఆప్షన్లు అయిదు. అక్కడ నాలుగోదానికి అర్థం విడివిడిగా ఏదైనా చాలుతుందని. కలిపినా చాలదనేది అయిదోది. ఐసెట్ నాలుగోదానికి జీమ్యాట్ నాలుగోది పూర్తిగా విరుద్ధం. అందుకే ఐసెట్ రాసేదాకా జీమ్యాట్ ప్రశ్నలు ముట్టుకోకండి.