కార్తీకమాసం లెక్క చూసి 4 లక్షల అప్పు చేస్తారా?

ప్రశ్న: తణుకు దగ్గర ఊరు మాది. మావారికి ప్రైవేట్ కంపెనీలో జీతం, చేతికి 38 వేలు వస్తాయి. నేను యూట్యూబ్‌లో చూసి మేడ మీద గదిలో సరదాగా ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచుతున్నా, 20 బెడ్లు (గడ్డి, సీడ్ నింపిన కవర్లు). మొన్న కార్తీకమాసంలో ఒక బ్యాచ్‌కి 18 కేజీలు వచ్చాయి, నీచు మానేసినవాళ్ళందరూ అడిగి మరీ తీసుకున్నారు, కేజీ 300 లెక్కన వాట్సాప్ గ్రూపులోనే అయిపోయాయి. 1,600 ఖర్చు పోను 3,800 మిగిలింది. ఇప్పుడు 400 బెడ్లకి షెడ్ వేద్దామని ఉంది, 4 లక్షలు కావాలి. నా బంగారం మీద రెండున్నర లక్షలు, బ్యాంకులో ఖాళీగా పడున్న ఎఫ్‌డీ ఒక లక్ష, మిగతా 50 వేలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. ఒక కంపెనీవాళ్ళు ట్రైనింగ్, సీడ్, మెషీన్ అన్నీ కలిపి లక్షన్నర ప్యాకేజీ చెప్పారు, పండిందంతా కేజీ 250కి వాళ్ళే కొంటారట, 5 వేలు అడ్వాన్స్ కూడా కట్టేశాం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తయ్య (72). నెల ఖర్చు 27 వేలు, బండి ఈఎంఐ 3,200, చీటీ 5,000 (లక్ష చీటీ, ఇంకా 8 నెలలుంది, పాడలేదు). గోల్డ్ లోన్ మంచిదా, ముద్రా లోన్ మంచిదా?

జవాబు:

ఏ లోన్ మంచిది అని అడిగారు కదమ్మా, ఇప్పుడు మీరున్న పరిస్థితిలో ఏదీ మంచిది కాదు. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాస్తున్నది పుట్టగొడుగుల గురించి కూడా కాదు, అందులో మీరు అలవోకగా రాసేసిన ఒక్క మాట గురించి, "ఖాళీగా పడున్న ఎఫ్‌డీ". ఇంట్లో సరదాగా మొదలుపెట్టిన పని కాస్త కలిసొచ్చిందంటే చాలు, అది టెర్రస్ మీద కూరగాయలు కానీ కేకులు కానీ కౌజుపిట్టలు కానీ, అందరి కన్నూ ముందు పడేది ఇలా దాచుకున్న డబ్బు మీదే.

ఆ లక్ష ఖాళీగా ఎక్కడుంది? మీ ఇంట్లో నెల తిరిగేసరికి తప్పనిసరిగా బయటికి పోయే డబ్బు 27,000 ప్లస్ 3,200 ప్లస్ 5,000, అంటే 35,200. ప్రైవేట్ ఉద్యోగం ఒక్కటే ఆధారంగా ఉన్న ఇల్లు కాబట్టి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, అంటే 2,11,200. మీ దగ్గరున్నది లక్ష, మూడు నెలలకి కూడా చాలదు. సగం కూడా నిండని డబ్బాని పట్టుకుని ఖాళీగా పడుంది, వాడేద్దాం అంటున్నారు మీరు. రేపు మీవారి కంపెనీలో జీతం రెండు నెలలు ఆగిందనుకోండి, అత్తయ్యగారు బాత్రూమ్‌లో జారిపడ్డారనుకోండి, జూన్‌లో పిల్లల స్కూల్ ఫీజులు ఒక్కసారే మీద పడ్డాయనుకోండి, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆ రెండు రూపాయల వడ్డీ ఆయన దగ్గరికే. అప్పటికి ఆయన మూడు రూపాయలంటాడు, బంగారం ఎలాగూ బ్యాంకులో ఉంటుంది కాబట్టి మీరు సరేనంటారు.

షెడ్‌లో పెట్టిన లక్షని తిరిగి లక్షగా తీయలేరు, ఇది చాలామందికి తర్వాత కానీ తెలీదు. ఎఫ్‌డీ బ్రేక్ చేస్తే కాస్త వడ్డీ పోతుంది, అదే రోజు డబ్బు అకౌంట్‌లో పడుతుంది. షేడ్‌నెట్టు, వెదురు రాడ్లు, నీటి తుంపర చిమ్మే ఫాగర్లు, ఎవరో వాడేసిన గడ్డి కటింగ్ మెషీన్ అమ్మకానికి పెట్టి చూడండి, పావలా వంతు ఇస్తామని కూడా ఎవరూ రారు.

ఇక మీ లెక్క. 20 బెడ్లకి 3,800 అయితే 400 బెడ్లకి 76 వేలు, 45 రోజులకో బ్యాచ్ కాబట్టి ఏడాదికి ఎనిమిది, మొత్తం 6 లక్షల పైన, ఇదే కదా కాగితం మీద వేసుకున్నది? మీరు కాగితం మీద పెట్టింది కార్తీకమాసం. ఆయిస్టర్‌కి కావలసిన చల్లదనం అప్పుడు బయటే దొరుకుతుంది, 20 నుంచి 28 డిగ్రీల మధ్య అది హాయిగా వస్తుంది. పైగా ఆ నెల మీ వీధిలో సగం ఇళ్ళల్లో నీచు లేదు. పంటకీ అమ్మకానికీ రెండిటికీ ఏడాదిలో అంతకంటే మంచి నెల రాదు, దాన్నే ఏడాదంతటికీ హెచ్చవేస్తే ఎలా? మే నెలలో మీ వైపు రేకుల కింద ఎంత ఉంటుందో నేను చెప్పాలా, ఫాగర్లు రోజంతా తిప్పినా ఆ వేడికి ఆయిస్టర్ సీడ్ ముందుకు పాకదు, కరెంటు బిల్లు మాత్రం పాకుతుంది. ఏప్రిల్, మే, సగం జూన్ మీకు ఆదాయం లేదనే రాసుకోండి, సరిగ్గా ఫీజుల టైమ్.

మంచి నెలల్లోనే 400 బెడ్లు పెట్టారనుకుందాం. బెడ్‌కి కేజీన్నర ఎండు వరిగడ్డి లెక్కన 600 కేజీల గడ్డి కావాలి. దాన్ని రెండంగుళాల ముక్కలుగా కత్తిరించడం, రాత్రంతా నానబెట్టడం, వేడినీళ్ళల్లో ఉడికించడం, పిడికిట్లో గట్టిగా నొక్కితే చుక్క కారకూడదు కానీ అరచెయ్యి తడిగా ఉండాలి అన్నంతవరకూ ఆరబెట్టడం, పొరపొరకీ సీడ్ చల్లుతూ కవర్లు నింపి కట్టడం, ఇదంతా 20 బెడ్లకైతే మీరూ మీవారూ ఒక ఆదివారంలో చేసేస్తున్నారు, 400కి మనుషుల్ని పెట్టుకోవాలి. ఇద్దరు మనుషులు ఎనిమిది రోజులు, రోజుకి 600 వేసుకున్నా 9,600. మీరు ఇంతవరకు మీ కష్టానికి కూలీ వేసుకోలేదు, హాబీ కాబట్టి వేసుకోనక్కర్లేదు కూడా, వ్యాపారం అనేసరికి అది లెక్కలోకి వస్తుంది.

పంట మీ లెక్క ప్రకారమే 360 కేజీలు వచ్చింది. మొదటి కోత ఎప్పుడూ పెద్దది కదా, అన్ని బెడ్లూ ఒకేసారి పెడితే సగం సరుకు ఒక్క వారంలోనే మీద పడుతుంది, 180 కేజీలు. బయట ఉంచితే రెండో రోజుకే రంగు మారుతుంది, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. మీ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెతో సహా అన్నీ తీసి బయటపెట్టినా ఎన్ని కేజీలు పడతాయి? సరే, వారానికి 50 బెడ్లు చొప్పున విడతలుగా పెడతాం అంటారు, అప్పుడైనా వారం వారం 45 కేజీలు అమ్మాలి, మీ వాట్సాప్ గ్రూపు పండగ నెలలో మొత్తం బ్యాచ్‌కి కొన్నది 18. మిగతాది షాపులకీ హోటళ్ళకీ వెయ్యాలి, వాళ్ళు 300 ఇవ్వరు, 160 వేసుకుందాం, మిగిలిపోయిన ప్యాకెట్లు మీకే వెనక్కి ఇస్తారు, ఆ నష్టం నేనసలు కలపడం లేదు.

360 కేజీలు 160 లెక్కన 57,600. సీడ్, గడ్డి, కవర్లు మీ రేటు ప్రకారమే 32,000 తీసేస్తే 25,600. కూలీ పోతే 16,000. ఇప్పుడు బూజు. మీరు చూసే ఉంటారు, తెల్లగా అల్లుకుంటున్న బెడ్‌లో ఒక మూల రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ మచ్చ, మర్నాటికి అరచెయ్యంత. 20 బెడ్ల గదిలో దాన్ని తీసుకెళ్ళి దూరంగా పాతిపెడితే సరిపోతుంది. కిక్కిరిసిన షెడ్‌లో, కొత్త కూలీలు చేతులు సరిగ్గా కడుక్కోకుండా కట్టిన బెడ్లలో అయిదింట ఒకటి పోయిందనుకుంటే 80 బెడ్లు, 72 కేజీలు, 11,520 రూపాయలు. మిగిలింది 4,480. ఈ 45 రోజులకి వడ్డీ ఎంత? గోల్డ్ లోన్ 11 శాతం అనుకుంటే 3,440, రెండు రూపాయల వడ్డీ 1,500, కలిపి 4,940. నెలన్నర కష్టపడి మీరే ఎదురు 460 రూపాయలు కట్టాలన్నమాట, తెచ్చిన అప్పు అసలు అలాగే ఉంటుంది, ఇందులో కరెంటూ లేదు, ఆటో కిరాయీ లేదు, మే నెలా లేదు.

ఆ రెండు రూపాయల వడ్డీ అనే మాట చెవికి ఎంత చిన్నగా వినిపిస్తుందో చూడండి, అది ఏడాదికి 24 శాతం. హోమ్ లోన్ అర శాతం పెరిగిందని గగ్గోలు పెట్టే మనుషులే దీనికి మారు మాట్లాడకుండా నోటు రాసిచ్చేస్తారు. గోల్డ్ లోన్ దీనికంటే నయమే, కాదనను, కానీ ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కలిపి కట్టాలి, కట్టలేనివాళ్ళు వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోతారు, పంట పోయిన ఏడాది ఆ వడ్డీ కూడా ఉండదు, తర్వాత వేలం నోటీసు. ముద్రాకి తాకట్టు అక్కర్లేదు కానీ ఈఎంఐ పంటని చూసి ఆగదు. ఆహార ప్రాసెసింగ్ యూనిట్లకి పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకంలో 35 శాతం సబ్సిడీ ఉందని ఎవరైనా చెప్తారు, అది కూడా ముందు లోన్ తీసుకుంటేనే, సబ్సిడీ కోసం అప్పు చెయ్యడం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

ఇక పండింది వాళ్ళే కొంటామన్న బైబ్యాక్ సంగతి. 250కి కొంటామన్నారు సరే, అగ్రిమెంట్‌లో క్వాలిటీ బాగుంటేనే అనే లైన్ ఉందా లేదా చూడండి, క్వాలిటీ ఎవరు తేలుస్తారో చూడండి, రోజూ వచ్చి తీసుకెళ్తారా లేక మీరే పంపాలా, ఎండబెట్టి పంపమంటారా చూడండి. తాజావి పది కేజీలు ఎండబెడితే కేజీ చిల్లర వస్తుంది, రేటు 250 తాజాదానికా ఎండుదానికా? వాళ్ళకి నిజంగా 250 లెక్కన సరుకు కావాలంటే మీరు ఇప్పుడు పండిస్తున్న 18 కేజీలు కొని డబ్బు వెయ్యమనండి, లక్షన్నర ప్యాకేజీ కట్టాకే కొంటామంటే వాళ్ళు బతికేది పుట్టగొడుగులు అమ్మి కాదు, ప్యాకేజీలు అమ్మి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అసలు రాయనే లేదు, అదే నాకు ఇంకా భయం. మీవారి ఆఫీస్ పాలసీ ఒక్కటే ఉండుంటే ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది, మీ నలుగురికీ సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ కావాలి. అత్తయ్యగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల వరకు కవర్ ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, 2024 అక్టోబర్ నుంచి ఉంది, ఆధార్ తీసుకెళ్ళి ఈ వారమే చేయించండి. మీవారి పేరు మీద కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి, వయసు నలభై లోపు ఉండి సిగరెట్ అలవాటు లేకపోతే నెలకి వెయ్యి చుట్టుపక్కలే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాదానికి), 436 రూపాయల జీవన్ జ్యోతి (ప్రాణానికి) ఉన్నాయో లేదో పాస్‌బుక్ చూసుకోండి.

మరి ఈ పని మానెయ్యాలా అంటే అస్సలు వద్దు, 20 బెడ్లకి 18 కేజీలు తీసిన చెయ్యి మంచి చెయ్యే. ఎఫ్‌డీని ముట్టుకోకండి. నెలకి మీకు మిగిలే 2,800 ఒక ఆర్‌డీలో వెయ్యండి, 8 నెలల్లో 22,400. చీటీ తొందరపడి పాడొద్దు, షెడ్ కోసం పాడటం అంటే అది కూడా అప్పే, చివరిదాకా ఉంచితే లక్ష కాస్త అటూ ఇటూ చేతికొస్తుంది, కాకపోతే కాలనీలో నమ్మకం మీద నడిచే చీటీ అయితే మాత్రం వేసే ఆవిడ మీద ఒక కన్నేసి ఉంచండి. ఎఫ్‌డీ లక్ష, చీటీ లక్ష, ఈ 22,400, మొత్తం 2,22,400. ఎమర్జెన్సీ ఫండ్ పూర్తిగా నిండిపోయింది చూశారా, బంగారం బీరువాలోనే ఉంది. పుట్టగొడుగుల మీద వచ్చిందంతా ఇన్సూరెన్స్ ప్రీమియంలకి పెట్టండి, మిగిలితే దానితోనే 20 బెడ్లని 40 చెయ్యండి, ఆ 40కి కొనేవాళ్ళు కుదిరాక 60. ఎండాకాలం గదిని ఖాళీగా ఉంచకుండా పాల పుట్టగొడుగులు ఒక పది బెడ్లు వేసి చూడండి, వాటికి 30 నుంచి 35 డిగ్రీలు పడుతుంది, బెడ్ మీద మట్టి పొర వేసే కేసింగ్ పని అదనం. గదిలోకి వెళ్ళేటప్పుడు మాస్క్ మర్చిపోకండి, ఆయిస్టర్ నుంచి రాలే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే దగ్గు పట్టుకుంటుంది, అత్తయ్యగారిని అటు రానివ్వకండి.

టాక్స్ అడగలేదు కానీ ఎవరో ఒకరు భయపెడతారు కాబట్టి చెప్తున్నా, పుట్టగొడుగుల పెంపకం మీద ఆదాయం వ్యవసాయ ఆదాయమేనని ఇన్‌కమ్ టాక్స్ అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్ (ఐటీఏటీ) హైదరాబాద్ స్పెషల్ బెంచ్ 2018లోనే చెప్పింది, మీ స్థాయికి ఆ ఊసే అక్కర్లేదు.

ట్రైనింగ్ కావాలంటే మీకు దగ్గర్లోనే వెంకటరామన్నగూడెంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఫోన్ చేసి పుట్టగొడుగుల మీద క్లాసులు ఎప్పుడో, మంచి సీడ్ ఎక్కడ దొరుకుతుందో అడగండి. కట్టేసిన 5 వేలు వెనక్కి ఇమ్మని ఆ కంపెనీకి వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో రాయండి, రసీదు ఫోటో జత చెయ్యండి. ఇవ్వకపోతే వదిలెయ్యండి, ఆ 5 వేలు పోతాయేమోనని మిగతా 1,45,000 మాత్రం కట్టకండి.