ఆసుపత్రి బాధ్యత తీసుకుంటున్న మా మేనల్లుడికి

చిన్నా,

నీకు ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ పోస్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమనిపించింది. ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని ఎలా నెట్టుకొస్తాడో అని కూడా అంది. అదే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవాణ్ణి కాబట్టి, ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

ఈ ఉద్యోగంలో పడి ఇంటికి దూరమైనవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళెవరికీ ఇంటిమీద ప్రేమ లేక కాదు. ప్రతి చిన్న నిర్ణయం తమ చేతిమీదుగానే జరగాలని పెట్టుకున్నారు, అంతే. రాత్రి రెండింటికి లిఫ్ట్ ఆగితే ఫోన్, నైట్ డ్యూటీ నర్సు రాకపోతే ఫోన్, స్టోర్ రూమ్ తాళం కనపడకపోతే ఫోన్. కొన్నాళ్ళకి పక్కన పడుకున్న మనిషికి కూడా నిద్ర ఉండదు. అందుకని చేరగానే నువ్వు చెయ్యాల్సిన మొదటి పని, రాత్రిపూట నిన్ను ఎప్పుడు లేపాలో ఒక కాగితం మీద రాసి పెట్టడం. మంటలు, ఆక్సిజన్ ప్రెషర్ పడిపోవడం, కరెంటు పోయి జనరేటర్ కూడా అందుకోకపోవడం, ఒకేసారి చాలామంది గాయపడినవాళ్ళు రావడం, సిబ్బంది మీద దాడి, పసిబిడ్డ కనిపించకపోవడం. ఇలాంటివాటికి తప్పకుండా లేపాలి, ఆలోచించకుండా లేపాలి. మిగతావి డ్యూటీ మేనేజర్ తేల్చేసి పొద్దున చెప్తే చాలు.

అసలు కష్టం ఆ పొద్దునే ఉంటుంది. ఆయన తీసుకున్న నిర్ణయం నువ్వు తీసుకునేదానికి వేరుగా ఉండొచ్చు, అయినా పేషెంటుకి నష్టం జరగనంతవరకు నలుగురిలో తప్పుపట్టకు. ఒక్కసారి పట్టావా, ఆ రాత్రి నుంచి ప్రతి చిన్నదానికీ నీకే ఫోన్ వస్తుంది, వాళ్ళని అనడానికి కూడా ఉండదు.

రోజూ ఏదో ఒక వార్డు తిరుగు, కానీ చెప్పి వెళ్ళకు. వ్యాక్సిన్ ఫ్రిజ్ దగ్గర ఆగి టెంపరేచర్ చార్టు చూడు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, హెపటైటిస్ బి లాంటివి గడ్డకడితే ఇక పనికిరావు. చార్టులో నెలంతా 5, 5, 5 అని ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉంటే అది ఒక్క పూటలో నింపిందని అర్థం. అక్కడ కేకలెయ్యాలనిపిస్తుంది. ముందు థర్మామీటర్ పనిచేస్తోందా అని అడుగు. చాలాసార్లు అది పాడైపోయి ఉంటుంది, ఆ సిస్టర్ రెండు మూడుసార్లు రాసిచ్చి విసిగిపోయి ఉంటుంది.

కాగితాలన్నిటి సంగతీ ఇంతే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. తర్వాత కెనడాలోని ఒంటారియోలో వందకు పైగా ఆసుపత్రుల్లో పెట్టి చూస్తే, 2014లో వచ్చిన లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆర్డర్ వేసినంత మాత్రాన పని జరగదని నేను అందులోంచి తీసుకున్నాను. ఆ చెక్‌లిస్టులో గదిలో ఉన్నవాళ్ళందరూ పేరు, పని చెప్పుకోవాలని ఒకటుంది, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. పేరు చెప్పుకున్న చిన్న ఉద్యోగి అవసరమైనప్పుడు సర్జన్‌ని ఆపగలడు. అలాంటి మనుషులు ఉన్నచోట నువ్వు నిశ్చింతగా ఇంటికెళ్ళగలవు.

డిశ్చార్జిల సంగతి కూడా పట్టించుకో. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ వెళ్ళొచ్చు అంటారు, సమ్మరీ, బిల్లు, మందులు తేలేసరికి సాయంత్రం అవుతుంది. ఆ కుటుంబం బ్యాగులు సర్దుకుని మంచం పక్కనే కూర్చుని ఉంటుంది, కింద ఎమర్జెన్సీలో ఇంకొకరు ఆ మంచం కోసమే ట్రాలీ మీద ఎదురుచూస్తుంటారు. రేపు ఎవరు వెళ్తారో ముందురోజు సాయంత్రమే అనుకుని సమ్మరీ రాయించి పెడితే సగం తగ్గుతుంది. గొడవలు కూడా తగ్గుతాయి, వాటితోపాటు నువ్వు ఆలస్యంగా ఇల్లు చేరే రోజులు కూడా.

ఇక ఇల్లు. పిల్లల కోసం సాయంత్రాలు పెట్టుకోకు. మన ఉద్యోగంలో సాయంత్రం మన చేతిలో ఉండదు, మీటింగ్ సాగుతుంది, ఏదో ఒకటి తగులుతుంది, నువ్వు మాట తప్పుతావు, వాళ్ళు అడగడం మానేస్తారు. పొద్దున మాత్రం నీది. లేపడం, తయారుచెయ్యడం, బడిలో దింపడం పూర్తిగా నువ్వే తీసుకో, మొదటి మీటింగ్ ఆ తర్వాతే పెట్టు. బడిలో కార్యక్రమం ఉంటే బోర్డు మీటింగ్‌లాగే డైరీలో రాసుకో, దేనికోసమూ జరపకు. పేషెంట్ల వివరాలు ఇంట్లో మాట్లాడకు. కానీ మనసు బాగోలేని రోజున ఆ ముక్క నీ భార్యకి చెప్పు, మౌనంగా తిరిగితే ఆమె తనమీదే కోపం అనుకుంటుంది. బంధువులు మంచం కోసం ఫోన్ చేస్తారు, అందరికీ ఒకటే దారి అని మొదట్లోనే మర్యాదగా చెప్పెయ్, ఆమెను మధ్యలో నిలబెట్టకు.

నీ ఆరోగ్యం కూడా చూసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ప్రకారం వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్ళకి 35–40 గంటలు పనిచేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నీ సిబ్బంది గంటల్ని కూడా ఈ లెక్కతోనే చూడు, వాళ్ళకీ ఇళ్ళున్నాయి.

వచ్చే వారం చేరుతున్నావట కదా. నువ్వు లేనప్పుడు బాధ్యత తీసుకోగలిగే మనిషి ఎవరో కూడా చూసుకో. ఆ రాత్రి పిలుపుల కాగితం రాశాక నాకు పంపు, ఏమైనా వదిలేశావేమో చూసి చెప్తాను.

నీ మామయ్య